రెండు అంతస్తుల మధ్య

నేను దుబాసీని. నా సొంత మాటకు ఇక్కడ జీతం లేదు.
తొమ్మిదో అంతస్తులో, అద్దాల గూట్లో కూర్చుని
ఒకరి నోట్లోంచి తీసి ఇంకొకరి చెవిలో పోస్తాను.
కిటికీకి అవతల బేరూత్ సముద్రం.
ఇవతల, పదకొండో ముసాయిదా.

పొద్దుటి నుంచీ ఒక్క క్రియ దగ్గర చిక్కుకున్నాం.
దర్యాప్తు సంఘం పని "ముగించింది" అనాలా,
"ముగింపు దశకు చేరింది" అనాలా?
ముగించింది అంటే న్యాయస్థానం పెట్టి తీరాలి.
చేరింది అంటే ఇంకో ఆర్నెల్ల గడువు,
ఇంకో హోటలు, నిమ్మకాయ పిండిన ఇంకో చేప.
పొడుగాటి రాయబారి కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"తొందరే న్యాయానికి శత్రువు" అన్నాడు.
అరబ్బీలోకి తిప్పాను.
తిప్పుతుంటే నాలుక మీద ఇసుక.

మా భాషలో దర్యాప్తు తహ్‌ఖీక్, దాని కడుపులో హక్కు ఉంది.
న్యాయస్థానం మహ్‌కమా, దాని కడుపులో హుకుం ఉంది.
హక్కు నుంచి హుకుం దాకా
నాలుగేళ్ళుగా నడుస్తున్నాం.

కింద లాబీలో నుహాద్ తర్రాఫ్ కూర్చుని ఉంటుంది, రోజూ,
మోకాళ్ళ మీద గోధుమరంగు సంచీతో.
ఆమె పెనిమిటి జిర్యస్ లిఫ్టులు బాగుచేసేవాడు.
కరెంటు పోయినప్పుడల్లా ఊరు దేవుడి కంటే ముందు అతన్ని తలుచుకునేది.
పెళ్ళికూతుళ్ళనీ, పిల్లుల్నీ, ఒకసారి మోసేవాళ్ళతో సహా శవపేటికనీ
రెండు అంతస్తుల మధ్య నుంచి విడిపించాడు.
ఆ బుధవారం ఎవరో ముసలమ్మ ఇరుక్కుందని కబురొస్తే
పానాల సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు.
సందు మలుపులో మంత్రిగారి కారు పేలింది.

ముసాయిదాలో మంత్రిగారికి ఐదు పంక్తులు, బిరుదులతో.
జిర్యస్‌కి రెండు మాటలు: "మరియు ఇతరులు".
ముసలమ్మ ఏడు గంటలు ఆ చీకటి పెట్టెలోనే ఉండిపోయింది.
ఆమె ఏ పంక్తిలోనూ లేదు.

మధ్యాహ్నం బేరం ముదిరింది.
ఎక్కడ పెడదాం? మీ నేల మీద వద్దు, వాళ్ళ నేల మీదా వద్దు.
విదేశీ న్యాయమూర్తులు ఎందరు? అద్దె ఎవరు కట్టాలి?
శిక్ష పడ్డవాణ్ణి ఎవరి జైల్లో ఉంచి ఎవరు అన్నం పెట్టాలి?
(దొరకనివాడి అన్నం గురించి నలభై నిమిషాలు.)

కాఫీకి దిగితే నుహాద్ అడిగింది: "ఏమంటున్నారమ్మా?"
చెప్పకూడదని నాకు ప్రమాణం ఉంది.
నా మొహం చూసి తనే చెప్పింది:
"లిఫ్టు మధ్యలో ఆగితే తలుపు సగం తెరిచి దూకమనకూడదట.
సగం తెరిచిన తలుపే మనిషిని మింగుతుందట.
పైకెక్కి, చక్రాన్ని చేత్తో తిప్పి
వేలెడు వేలెడుగా నేలకు సమం చెయ్యాలి.
ఎంతసేపైనా పట్టనీ, అనేవాడు,
చప్పుడు మాత్రం లోపలివాళ్ళకి వినబడుతూ ఉండాలి.
వినబడకపోతే, ఊపిరి ఉండగానే పోతారు."
కాఫీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

నాలుగింటికి పీఠిక మళ్ళీ మొదటి నుంచి చదివారు.
ఆ రెండు మాటలు నా చెవిలో పడ్డాయి.
నా నోటి నుంచి మాత్రం
"జిర్యస్ తర్రాఫ్, మరియు ఇతరులు" అని వచ్చింది.
రాసుకునే అమ్మాయి తలెత్తింది.
"ఎవరీ పేరు?" అన్నాడు అధ్యక్షుడు.
"దుబాసీ పొరపాటు, సవరిస్తున్నాను" అన్నాను.
సవరణ రికార్డులోకి ఎక్కుతుంది.
దాన్ని ఎక్కించాలంటే
ముందు పొరపాటును ఎక్కించాలి.

పన్నెండో ముసాయిదాకు వాయిదా.
సంతకాలు లేని కాగితాలు సర్దుకుంటుండగా కరెంటు పోయింది.
జనరేటర్ దగ్గింది, అందుకోలేదు.
ఫోన్ల వెలుగులో రాయబారులంతా మెట్లు దిగారు,
ఒకరి భుజం ఒకరు పట్టుకుని.
ఏడో అంతస్తు దాటుతుంటే
ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నారు.